బొగ్గుబాయిల ఊళ్లో సముద్రపు చేపలు

సముద్రం ఎక్కడ, గోదావరిఖని ఎక్కడ! అయినా 2003లో ‘ఫైండింగ్ నెమో’ సినిమా వచ్చాక ఆ నారింజ రంగు, తెల్ల చారల చేప కావాలని అడగని పిల్లలు తక్కువ. సింగరేణి క్వార్టరైనా, ఎన్టీపీసీ టౌన్‌షిప్ అయినా ముందుగదిలో చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవచ్చు. తొట్టి కొనడం తేలికే. అందులో ఎవరి పక్కన ఎవరిని ఉంచాలన్నదే అసలు చిక్కు. లెక్క తప్పితే వారం తిరక్కుండానే ఒక్క చేపే మిగులుతుంది!

ముందు నీళ్ల సంగతి
రెండున్నర అడుగుల పొడవు, అడుగుంపావు చొప్పున వెడల్పు, ఎత్తు ఉంటే సుమారు 110 లీటర్లు పడుతుంది. ఇంతకన్నా చిన్నది వద్దు. లీటరుకు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. నీళ్లు సిద్ధం చేసి ఫిల్టరు నడిపాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు పెరగడానికి ఆ గడువు కావాలి. ‘ముందు చౌక చేపలు వేసి చూడండి’ అని ఎవరైనా చెబితే వినకండి. అవి విషంలో ఈదుతాయి.

ఎవరెవరికి పొత్తు?
కొత్తవారికి క్లౌన్ చేపల జంట మంచిది. మూడు, మూడున్నర అంగుళాలు మించవు. ఇవన్నీ మొదట మగవిగానే ఉంటాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది. కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకుంటే పెత్తనం గొడవ ఉండదు. వీటికి తోడుగా అడుగున తిరిగే చిన్న గోబీ ఒకటి, మధ్యలో నిలకడగా ఉండే ఫైర్ ఫిష్ ఒకటి చాలు. ఒక్కొక్కటీ ఒక్కో అంతస్తులో ఉంటుంది గనక తగాదా తక్కువ. ఫైర్ ఫిష్ బెదిరితే ఎగిరి బయటపడుతుంది. తొట్టికి మూత తప్పనిసరి. క్లీనర్ రొయ్య కూడా కలిసిపోతుంది. అయితే చేపల జబ్బుకు వాడే రాగి మందు రొయ్యను చంపేస్తుంది. జబ్బు చేపను వేరే తొట్టిలో ఉంచి వైద్యం చేయాలి.

సాధువులను ముందు, పోకిరీలను చివర వదలాలన్నది సూత్రం. ముందొచ్చిన చేప తొట్టంతా తనదేననుకుంటుంది మరి. రెండు చేపలకు మధ్య రెండు, మూడు వారాలు విరామం ఇవ్వండి.

వీటి జోలికి వెళ్లొద్దు
నల్లటి ఒంటిపై తెల్ల చుక్కలున్న డామినో డామ్సెల్ చౌకే. పెరిగాక మాత్రం మిగతావాటిని కొరికి మూలకు నెడుతుంది. నెమో సినిమాలోని నీలం రంగు డోరీ అడుగు దాకా పెరుగుతుంది. చిన్న తొట్టి దానికి జైలే. లయన్ ఫిష్ నోట్లో పట్టినదల్లా మింగుతుంది. మాండరిన్ చేప బతికున్న సూక్ష్మ పురుగులు లేక ఆకలితో చస్తుంది. సముద్రపు గుర్రాలు, పగడాలు అసలే వద్దు. 2001 నుంచి ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఎవరైనా అమ్మజూపినా తీసుకోకూడదు.

మే నెల పరీక్ష
మన దగ్గర వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఈ చేపలకు 25 నుంచి 27 డిగ్రీల నీరు కావాలి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే పొడి ఎండలో కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే రోజూ తగ్గిన మేరకు ఉప్పు కలపని మంచినీటినే పోయాలి. ఫ్యానుతో సరిపోకపోతే చిల్లరు పెట్టాలి, లేదా ఆ గదికి ఏసీ ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే ఉప్పునీటి ఆలోచన మానుకుని మంచినీటి చేపలే పెంచుకోండి. కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ ఎయిర్ పంపు ఇంట్లో ఉంచండి.

ఎక్కడ కొనాలి?
చెన్నైలోని కొళత్తూరు అక్వేరియం చేపలకు పెద్ద బజారు. చెన్నై - ఢిల్లీ రైలు మార్గంలోనే మన రామగుండం స్టేషనూ ఉంది. సముద్రంలో పట్టినవాటికన్నా హేచరీలో పుట్టిన చేపలే అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే విధానాన్ని రూపొందించింది. అలా పెరిగినవి గుళికల మేత తినడానికి అలవాటుపడి ఉంటాయి. పగడపు దిబ్బలకూ నష్టం ఉండదు. డబ్బు ఇచ్చే ముందు మీ ఎదుటే మేత వేయించండి. తినని చేపను ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.