ఇష్టాలు ఎవరివి? షరతులు ఎవరివి?

‘మగవాడు అందం చూస్తాడు, ఆడది సంపాదన చూస్తుంది. అది ప్రకృతి ధర్మం.’ ఆదివారం అనుబంధాల్లో, రేడియో కబుర్లలో, పెళ్ళిళ్ళ పేరయ్యల నోట మనం వింటున్న పాత పాట ఇది. ఇప్పుడు దీనికి సైన్సు ముసుగు కూడా దొరికింది. ఆదిమకాలంలో మగవాడు వేటకు వెళ్ళేవాడట, ఆడది గుహలో పిల్లల్ని సాకేదట, అందుకనే ఈనాటికీ అమెరికా ఉద్యోగం ఉన్న వరుణ్ణి చూస్తే అమ్మాయి మనసు కరిగిపోతుందట! గుహకూ గ్రీన్‌కార్డుకూ మధ్య గడిచిన వేల ఏళ్ళ చరిత్రలో ఆస్తి లేదు, కులం లేదు, కట్నం లేదు, చట్టం లేదు. ఉన్నవి జన్యువులు మాత్రమే!

ఈ వాదాన్ని నవ్వి వదిలేయడానికి వీల్లేదు. ఏది సహజమని తేల్చేస్తే దాన్ని ఇక ప్రశ్నించే పని ఉండదు. 1873లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే అమెరికన్ వైద్యుడు ఎక్కువ చదువు వల్ల ఆడపిల్లల పునరుత్పత్తి అవయవాలు దెబ్బతింటాయని ఏకంగా పుస్తకమే రాశాడు. అదీ ఆనాటి సైన్సే. స్త్రీలను వంటింట్లో ఉంచాల్సి వచ్చిన ప్రతిసారీ ప్రకృతి సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగానే ఉంటుంది.

ముందు వాళ్ళ సాక్ష్యాన్నే చూద్దాం. ఈ వాదానికి మూలస్తంభంగా చెప్పేది 1989లో డేవిడ్ బస్ ప్రచురించిన సర్వే. 33 దేశాల నుంచి 37 సమూహాలు, 10,047 మంది. జీవిత భాగస్వామిలో ఏం కోరుకుంటారని అడిగితే పురుషులు రూపానికీ, చిన్న వయసుకూ స్త్రీల కంటే ఎక్కువ విలువ ఇచ్చారు. స్త్రీలు సంపాదనా శక్తికి పురుషుల కంటే ఎక్కువ విలువ ఇచ్చారు. పత్రికలకు ఎక్కింది ఇంతవరకే. స్త్రీపురుషులిద్దరూ అన్నిటికంటే పైన పెట్టినవి పరస్పర ప్రేమ, నమ్మదగిన స్వభావం, మానసిక స్థిరత్వం అన్న సంగతి ఎక్కలేదు. పెళ్ళికి ముందు ‘శీలం’ విషయంలో చైనా, ఇండోనేషియా, ఇరాన్, మన దేశం ఒక కొసన ఉంటే స్వీడన్, నార్వే మరో కొసన నిలిచాయన్నదీ ఎక్కలేదు. జన్యువు ఒక్కటే అయితే స్వీడన్‌లో దానికి పట్టని శీలం మన దగ్గర ప్రాణప్రదం ఎందుకయింది?

1999లో ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే సమాచారాన్ని ఐక్యరాజ్యసమితి లింగ సమానత్వ సూచికల పక్కన పెట్టి మళ్ళీ లెక్క కట్టారు. స్త్రీలకు అధికారంలో, ఆదాయంలో వాటా పెరిగిన దేశాల్లో సంపాదన విషయంలోనూ, వయసు విషయంలోనూ స్త్రీపురుషుల కోరికల మధ్య తేడా తగ్గింది. 2020లో 45 దేశాల్లో 14,399 మందితో జరిగిన మరో సర్వేలో పాత తేడాలు మళ్ళీ కనిపించాయి. దాన్ని దాచాల్సిన అవసరం మనకు లేదు. కానీ సమానత్వం ఎక్కువ ఉన్న చోట దంపతుల మధ్య వయసు తేడా తక్కువగా ఉందని ఆ సర్వే కూడా చెప్పింది. తేడాలున్నాయా లేవా అన్నది మన తగాదా కాదు. అవి ఎక్కణ్ణించి వచ్చాయన్నదే మన ప్రశ్న. సొంత ఆస్తి, సొంత ఆదాయం లేని మనిషి ఎదుటి మనిషికి ఎంత ఉందని అడుగుతుంది. ఇది రక్తంలోంచి వచ్చిన కోరిక కాదు, బతుకు లెక్క.

పైగా నోటితో చెప్పే కోరిక వేరు, మనసుకు నచ్చడం వేరు. 2008లో పాల్ ఈస్ట్‌విక్, ఎలీ ఫింకెల్ అమెరికాలో విద్యార్థులను ముందు వాళ్ళ కోరికలు అడిగి, తర్వాత ఒకరినొకరు కొద్ది నిమిషాలపాటు కలుసుకునే ఏర్పాటు చేశారు. కాగితం మీద అబ్బాయిలు అందమనీ, అమ్మాయిలు సంపాదననీ మామూలు పాఠమే అప్పజెప్పారు. కానీ ఎదురెదురుగా కూర్చున్నాక ఎవరికి ఎవరు నచ్చారన్నదాన్ని ఆ జాబితాలు చెప్పలేకపోయాయి. అందం, సంపాదన ఇద్దరి మీదా దాదాపు ఒకేలా పనిచేశాయి. సమాజం మనకు నేర్పిన పాఠాన్నే మన సొంత ఇష్టమనుకుని వల్లిస్తున్నామని దీని అర్థం కాదా?

పరాయి దేశాల సర్వేలు పక్కన పెడదాం. ‘ప్రకృతి’ ఎంత త్వరగా మాట మారుస్తుందో చూడాలంటే మన నాటక సాహిత్యం చాలు. 1892లో గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి ప్రదర్శించారు. అప్పుడు డబ్బు వరుడి వైపు నుంచి ఆడపిల్ల తండ్రికి చేరేది. కాటికి కాళ్ళు చాచిన ముసలివాడికి పసిపిల్లను అమ్మేవారు. 1921లో కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ వచ్చేసరికి డబ్బు నడక తిరగబడింది. అమ్ముడుపోయేది వరుడు, కొనేది ఆడపిల్ల తండ్రి. రెండు నాటకాల మధ్య 30 ఏళ్ళు కూడా లేవు. ఆ కాస్త కాలంలో తెలుగువాళ్ళ జన్యువులు మారాయా? మారింది ఇంగ్లీషు చదువు విలువ, సర్కారు ఉద్యోగం విలువ. చదువూ జీతమూ మగపిల్లలకే దక్కాయి కనుక వాళ్ళ ధర పెరిగింది. రెండు బేరాల్లోనూ మారనిది ఒక్కటే: ఆ పిల్లకు ఎవరు నచ్చారని అడిగినవాళ్ళు లేరు.

ఈ రోజు పెళ్ళి ప్రకటనలు చదవండి. అబ్బాయి గురించి చదువు, జీతం, ఇల్లు, పొలం, వీసా. అమ్మాయి గురించి రంగు, ఎత్తు, సంప్రదాయం. మన భాషలో ‘ఎర్రగా బుర్రగా’ ఉండడమే అందం. చామనచాయ అనేది క్షమాపణ చెప్పుకున్నట్టు పలికే మాట. ఈ రంగు పిచ్చి మీద ఎంత వ్యాపారం జరిగిందో మనకు తెలుసు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్లోకి వచ్చింది. కొడుకు లేడని తండ్రి బాధపడుతుంటే, క్రీము రాసుకున్న కూతురు తెల్లబడి ఉద్యోగం తెచ్చుకునే ప్రకటన మీద అఖిల భారత ప్రజాస్వామిక మహిళా సంఘం ఫిర్యాదు చేసి పోరాడాక, 2003లో దాన్ని ఆపేశారు. 2020లో ఆ క్రీము తన పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ చర్మపు రంగును బట్టి వెతికే వీలును తొలగించింది. రెండూ ప్రకృతిలో మార్పు వచ్చి జరిగినవి కావు. నిరసన వచ్చింది కనుక జరిగాయి. అయితే రంగు మీట తీసేసినవాళ్ళు కులం మీట తీయలేదు. కులానికొక పెళ్ళి సైటు నిక్షేపంగా నడుస్తోంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆకర్షణ గురించి వచ్చే వ్యాసాల్లో మెదడు రసాయనాలు ఉంటాయి, భుజాల వెడల్పు, నడుము కొలత ఉంటాయి. కులం అన్న మాట ఒక్కసారి కూడా ఉండదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరిద్దరితో కలిసి ఒక బెంగాలీ పత్రికలోని పెళ్ళి ప్రకటనలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. కులం దాటకుండా ఉండడం కోసం ఆడపిల్లవారు వరుడికి అసలు చదువు లేకపోవడానికీ, ఎం.ఎ. స్థాయి చదువు ఉండడానికీ మధ్య ఉన్నంత తేడాను వదులుకోవడానికి కూడా సిద్ధమని తేలింది. చదువు, సంపాదన, అందం అన్నీ కులం గేటు దాటాకే లెక్కలోకి వస్తాయి. 2011-12 భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు దాదాపు 5 శాతమే. మిగతా 95 శాతం మంది మనసులు సరిగ్గా సొంత కులంలోనే వికసించాయంటే, ఆ మన్మథుడికి కుల ధృవీకరణ పత్రం చూసి బాణం వేయడం ఎవరు నేర్పినట్టు?

గేటు దాటిన ఆడపిల్లకు ఏమవుతుందో 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడ చూపించింది. గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే, ఆసుపత్రి బయట, ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆమె తండ్రే కిరాయి ఇచ్చి చంపించాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ‘ఆడది డబ్బున్నవాణ్ణి కోరుతుంది’ అని సిద్ధాంతం చెప్పేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి. ఆమె స్వయంగా ఎంచుకున్నప్పుడు పుట్టింటి ఆస్తినీ, కులాన్నీ, రక్షణనూ వదులుకుని ఎంచుకుంది. స్త్రీల ఇష్టం నిజంగా ప్రకృతే అయితే దాన్ని ఆపడానికి కిరాయి హంతకులు అవసరం అయ్యేవారు కాదు.

మరో ప్రసిద్ధ ప్రయోగం ఉంది. 1978లోనూ 1982లోనూ ఫ్లోరిడాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అపరిచితులు వచ్చి ‘ఈ రాత్రి నాతో పడుకుంటావా’ అని అడిగితే పురుషుల్లో నాలుగింట మూడొంతులదాకా సరే అన్నారు. స్త్రీలు ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. ‘చూశారా, స్త్రీలకు కోరిక తక్కువ’ అని తేల్చారు. 2011లో టెరీ కాన్లీ ఈ ప్రశ్నను మళ్ళీ తవ్వి చూస్తే, ముక్కూ మొహం తెలియని మగవాణ్ణి స్త్రీలు ప్రమాదకరమైన మనిషిగా, తమకు సుఖం ఇవ్వలేని మనిషిగా చూస్తున్నారని తేలింది. కోరిక లేకపోవడానికీ, ఎదుటి మనిషి మీద నమ్మకం లేకపోవడానికీ తేడా తెలియనివాళ్ళు ఆడదాని మనసును కొలవబోయారు!

ఆ అపనమ్మకం ఊరికే రాలేదు. మన సినిమాల్లో హీరో వెంటపడతాడు, దారి కాస్తాడు, ఆమె ఛీ కొట్టినకొద్దీ పాట పాడతాడు. వదలకుండా వెంటపడడమే మగతనమనీ, కాదనడమే ఆడదాని అంగీకారమనీ కొన్ని తరాల కుర్రాళ్ళు చీకటి హాళ్ళలో నేర్చుకున్నారు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకరు ప్రాణాలు కోల్పోయారు. నిందితులు ముగ్గురినీ పోలీసులు ‘ఎన్‌కౌంటర్’ చేస్తే ఊరు పండగ చేసుకుంది. కాదన్నా వెంటపడడాన్ని మాత్రం నేరంగా గుర్తించడానికి ఈ దేశానికి 2013 దాకా పట్టింది. మగవాడి ఆకర్షణ ఆపుకోలేనిది, అది వాడి ప్రకృతి అని చెప్పే ప్రతి మాటా ఆ వెంటపడేవాడికి అందించే వకాల్తా.

ఈ మధ్య కొత్త ఫిర్యాదు ఒకటి వినిపిస్తోంది. ‘అమ్మాయిల కోరికలు పెరిగిపోయాయి. వ్యవసాయం చేసుకునే కుర్రాడికి పిల్ల దొరకడం లేదు’ అని. ఊళ్ళలో రచ్చబండ దగ్గర మగవాళ్ళు నిజంగానే బాధపడుతున్నారు. ఆ కుర్రాళ్ళ కష్టం మనకు పట్టనిది కాదు. కానీ అమ్మాయి వైపు నుంచి ఒకసారి చూడండి. నాట్లు వేసి, కలుపు తీసి, పశువుల పేడ ఎత్తి, ఇంటికొచ్చి వంట చేసిన తల్లిని ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఆ తల్లి పేరు పాసు పుస్తకంలో లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీల పేరున ఉన్న కమతాలు సుమారు 14 శాతమే. 2019 కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసిన స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనిలో గడిపారు. అసలు ఆ పని చేశామన్న పురుషులే నూటికి 26 మంది. రెట్టింపు చాకిరీ, సున్నా హక్కు. ఆ ఒప్పందం మీద సంతకం చేయనని అమ్మాయి అంటే దాన్ని అత్యాశ అంటున్నారు. భూమిలో సగం ఆమె పేరున రాసి, పొయ్యి దగ్గర సగం పని పంచుకుని, అప్పుడు అడగండి ఆమెకు రైతు నచ్చుతాడో లేదో!

‘చట్టం ఇచ్చిందిగా’ అంటారు. నిజమే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ 1985లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కానీ వాటా అడిగిన ఆడపడుచుకు పుట్టింటి గడప మూసుకుపోతుంది. ‘పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా’ అని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆమెకు రావలసిన ఆస్తి కట్నమై అల్లుడి చేతికి వెళుతుంది. కట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. 2022లో దేశంలో నమోదైన వరకట్న మరణాలు 6,450. ఎవరికి ఎవరు నచ్చుతారన్న చర్చ ఈ అంకె పక్కన పెట్టి చేయాలి.

కాబట్టి స్త్రీలకు ‘సరైన’ ఇష్టాలు నేర్పడం మన పని కాదు. అందగాణ్ణి కోరుకుంటే తప్పు, డబ్బున్నవాణ్ణి కోరుకుంటే ఇంకా తప్పు అని మరో నీతిశాస్త్రం మనం రాయబోవడం లేదు. ఇష్టపడడానికి ముందే ఇష్టాన్ని కత్తిరించే షరతులను తొలగించమని అడుగుతున్నాం. ఆస్తి వాటా కాగితం మీద కాక చేతికి రావాలి. ఇంటి పని ఇద్దరిదీ కావాలి. వద్దు అన్న మాటకు వద్దు అన్న అర్థమే ఉండాలి. అలాగే కావాలి అని చెప్పే ధైర్యం చేసిన స్త్రీకి ప్రాణభయం ఉండకూడదు.

2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరు వయోజనుల పెళ్ళికి కుటుంబం, కులం, ఊరి పెద్దల అనుమతి అవసరం లేదని చెప్పింది. బెదిరింపులు ఎదుర్కొంటున్న జంటల కోసం జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టమనీ, తలదాచుకునే చోటు చూపించే విషయం పరిశీలించమనీ ప్రభుత్వాలకు చెప్పింది. మన జిల్లాలో ఆ విభాగం ఎక్కడుంది? దాని ఫోను ఎత్తేవాళ్ళున్నారా? ప్రతి మహిళా సంఘం కలెక్టర్ దగ్గరికీ, ఎస్.పి. దగ్గరికీ వెళ్ళి అడగవలసిన ప్రశ్న ఇది. ఆడపిల్ల ఆస్తి వాటా, ఇంటి చాకిరీ, కులం దాటిన ప్రేమకు రక్షణ, ఈ మూడూ సరిచేసిన నాడు స్త్రీలకు ఏమి నచ్చుతుందో ఎవరూ గుహల్లోకి వెళ్ళి వెతకనక్కర్లేదు. వాళ్ళే చెబుతారు.