పొయ్యి కొనే ముందు గిన్నెలు కొలవండి

మాడ్యులర్ కిచెన్ షోరూంలో అడుగుపెట్టగానే వినిపించే మొదటి ప్రశ్న: "మూడు బర్నర్లా, నాలుగా సార్?" రెండోది: "బ్లాక్ గ్లాసా, డిజైన్ గ్లాసా?" ఈ రెండింటికీ జవాబు చెప్పేస్తే కొటేషన్ చేతికొచ్చేస్తుంది. ఇంట్లో ఎలాంటి గిన్నెలున్నాయి, పొయ్యి ముందు రోజూ నిలబడేది ఎవరు, వాళ్ల ఎత్తెంత, గ్యాస్ సిలిండర్ నుంచి వస్తుందా పైపులో వస్తుందా... ఇవి మాత్రం ఎవరూ అడగరు. అసలు సంగతంతా వీటిలోనే ఉంది.

పోయినసారి ఇన్వర్టర్ల గురించి రాశాక, కొత్త ఫ్లాట్లలోకి మారుతున్న ఇద్దరు ముగ్గురు పాఠకులు హాబ్ గురించి అడిగారు. ఈ వారం అదే. ఫ్రిజ్ నచ్చకపోతే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయొచ్చు. హాబ్ అలా కాదు. దాని కోసం గట్టు మీద గ్రానైట్ కోస్తారు. కోసిన గ్రానైట్ మళ్లీ అతుక్కోదు. పైగా ఆ కంత కొలత అన్ని కంపెనీలకీ ఒకటి కాదు. కొన్నేళ్ల తర్వాత హాబ్ పాడైతే, ఇంకో కంపెనీది తెచ్చి అదే కంతలో కూర్చోబెట్టగలమన్న నమ్మకం లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోయి, కాళ్లున్న మామూలు స్టవ్ కొనుక్కోవచ్చు. నిజంగానే అంటున్నాను. మూడు బర్నర్ల స్టీలు స్టవ్‌ని చిన్నచూపు చూడకండి. పండక్కి పులిహోర అన్నం వండే గుండిగైనా సరే, బెదరకుండా మోస్తుంది.

సొంతిల్లు అయితే ముందు టేపు తీసి గట్టు ఎత్తు కొలవండి.

మా అమ్మ ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. మా ఫ్లాట్‌లో గట్టు 34 అంగుళాలు. దాని మీద కాళ్ల స్టవ్ పెడితే గిన్నె ఆనే చోటు 40 అంగుళాల దగ్గరికి వెళ్తుంది. దాని మీద ఐదు లీటర్ల కుక్కర్. అందులో పప్పు మెదపాలంటే గరిటె పట్టిన చెయ్యి భుజం దాకా లేవాల్సిందే. రోజూ రెండు పూటలా, ఏళ్ల తరబడి. ఆవిడ కుడి భుజం నొప్పికి ఎక్స్‌రే తీశారు, ఫిజియోథెరపీ రాశారు. గట్టు ఎత్తెంత అని ఎవరూ అడగలేదు. నొప్పంతా స్టవ్ వల్లే వచ్చిందని నేను అనను. కానీ అదే గట్టులోకి హాబ్ దించితే గిన్నె ఆనే చోటు 36 అంగుళాలకు వస్తుంది. ఆ నాలుగు అంగుళాలు ఏ బ్రోషర్‌లోనూ కనబడవు. హాబ్ వల్ల అసలు లాభం అదేనని నా అభిప్రాయం. అందం ఆ తర్వాతి సంగతి.

లెక్క సులువే. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి. గిన్నె ఆనే చోటు మోచేతికి కాస్త కిందుగా ఉంటే మంచిది. వంట చేసేది ఆరడుగుల మనిషైతే ఇదే లెక్క తిరగబడుతుంది. అప్పుడు హాబ్ ముందు నడుము వంగిపోతుంది, కాళ్ల స్టవ్వే మేలు. పాత ఇళ్లలో గట్టు తక్కువ ఎత్తులో కడతారు కాబట్టి అక్కడా అంతే.

రెండో పని గిన్నెలు కొలవడం. మీరు రోజూ వాడే దోసె పెనం, పెద్ద కుక్కర్, మూకుడు పాత న్యూస్ పేపర్ మీద బోర్లించి చుట్టూ గీసి, ఆ గుండ్రాలు కత్తిరించండి. షోరూంకి వాటిని పట్టుకెళ్లి హాబ్ మీద పరిచి చూడండి. అక్కడివాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. 60 సెంటీమీటర్ల హాబ్‌లో నాలుగు బర్నర్లు ఉంటాయి. కానీ 12 అంగుళాల పెనం ఒకటి పెట్టగానే పక్క బర్నర్ మీద చిన్న గిన్నెకు తప్ప చోటుండదు. ఆ నాలుగూ పాశ్చాత్య వంటిళ్లలోని చిన్న చిన్న సాస్‌పాన్లకు సరిపోతాయేమో గానీ, ఒక పక్క అన్నం, ఒక పక్క పప్పు, మధ్యలో వేపుడు నడిచే మన ఇళ్లకు కాదు. బర్నర్ల మధ్య ఎడం ఉన్న మూడు బర్నర్ల హాబ్ ఇరుకైన నాలుగు కన్నా ఎక్కువ పని చేస్తుంది. వెనక వరస బర్నర్‌లో ఇంకో ఇబ్బంది. పొట్టిగా ఉన్నవాళ్లు ముందు మంట మీదుగా చెయ్యి చాచాలి. చీర కొంగో, చున్నీయో ముందు మంటకు తగిలే చోటు సరిగ్గా అదే.

బర్నర్ల శక్తి కూడా అడగండి. చిన్న బర్నర్ ఒక కిలోవాట్ చుట్టూ ఉంటుంది, పెద్దది మూడు కిలోవాట్లో ఇంకొంచెం ఎక్కువో. మూడింటిలో ఒకటి కచ్చితంగా చిన్నదై ఉండాలి. పాలు కాగడానికి, పోపు గరిటెకు, అరిసెల పాకానికి కావాల్సింది సన్నని మంటే. పోపు గిన్నె హాబ్ స్టాండు మీద ఒరిగిపోతుంది కాబట్టి, చిన్న గిన్నెలకు విడిగా వేసుకునే ఇనుప రింగు ఇస్తారో లేదో కనుక్కోండి.

షోరూంలో మా అమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న: "పొంగితే ఎట్లా తుడవాలి?" నేను తయారు చేసుకెళ్లిన ఎక్సెల్ షీటు మొత్తం కన్నా అదే మంచి ప్రశ్న. స్టవ్‌లో అయితే పొంగినవి కిందికి కారతాయి, స్టవ్ ఎత్తి తుడవాలి. హాబ్‌లో పైనే ఆగిపోతాయి, స్టాండు తీసి గుడ్డతో తుడిచేయొచ్చు. స్టాండు మొత్తం ఒకే ముక్కగా బరువుగా ఉంటే రోజూ ఎత్తడం కష్టం. బర్నర్‌కొకటి విడివిడిగా ఉన్నవి తీసుకోండి.

పాలు పొంగడంతోనే అసలు ప్రమాదం కూడా ఉంది. పాలు పొయ్యి మీద పెట్టి టీవీ ముందుకెళ్లే నాన్నలు ప్రతి ఇంట్లో ఉంటారు. పొంగిన పాలకు మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. దీనికి మందు ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్, దుకాణాల్లో ఎఫ్ఎఫ్‌డీ అంటారు. బర్నర్ పక్కన చిన్న ఇనుప పుల్లలా నిలబడి ఉంటుంది. మంట తగిలి అది వేడిగా ఉన్నంతసేపే గ్యాస్ వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. మంట ఆరి అది చల్లబడగానే, కొద్ది సెకన్లలో వాల్వ్ మూసుకుపోతుంది. వెలిగించేటప్పుడు నాబ్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మొదటి వారం ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, తర్వాత అలవాటైపోతుంది. చాలా మోడళ్లు ఎఫ్ఎఫ్‌డీ ఉన్నవీ లేనివీ రెండు ధరల్లో దొరుకుతాయి. గాజు మీద పువ్వుల డిజైన్‌కి పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి. ఒకటి గుర్తుంచుకోండి, గిన్నె మాడిపోతుంటే మాత్రం ఇది ఆపదు. మంట వెలుగుతోంది కదా, దానికి అంతా బాగున్నట్టే లెక్క.

గాజు గురించి భయపడేవాళ్లు చాలామంది. మా బాబాయి వాళ్లింట్లో ఒక మధ్యాహ్నం గాజు పలక ఢాం అని పేలి చిన్న చిన్న ముక్కలైపోయింది. సర్వీస్‌వాళ్లొచ్చి, వారంటీలో గాజు లేదని చెప్పి వెళ్లిపోయారు. టఫెన్డ్ గ్లాస్ స్వభావమే అంత. లోపల బిగువు నింపి తయారు చేస్తారు కాబట్టి పగిలితే ఒక్కసారిగా మొత్తం పగులుతుంది, కత్తుల్లాంటి పెంకులు కాకుండా గుళ్లలా రాలుతుంది. వేడి పలక మీద చల్లటి నీళ్లు పడినా, బర్నర్‌కి మించిన పెద్ద గిన్నె పెట్టి గంటల తరబడి మంట వేడిని కిందికి కొట్టించినా, అంచుకు కుక్కర్ తగిలినా ఆ ప్రమాదం ఉంది. అందుకే వారంటీ కాగితంలో "గాజు" అన్న మాట ఎక్కడుందో వెతికి చదవండి. మీరు తరచుగా పదిహేను మందికి వండేవాళ్లయితే గాజు వద్దు, స్టీలు హాబ్ అడగండి. దొరుకుతాయి, కాకపోతే షోరూంలో ముందు వరసలో పెట్టరు.

హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ ఇళ్లకు పైపు గ్యాస్ ఇస్తోంది. మీ అపార్ట్‌మెంట్‌కి అది వచ్చినా, రాబోతున్నా హాబ్ కొనేటప్పుడే చెప్పండి. సిలిండర్ గ్యాస్‌లో అదే పరిమాణం సహజవాయువు కన్నా రెట్టింపుకు మించిన వేడి ఉంటుంది. అందుకే రెండింటికీ బర్నర్ కింద ఉండే జెట్ రంధ్రం వేరు. సిలిండర్ జెట్‌తో పైపు గ్యాస్ వాడితే మంట నీరసంగా వస్తుంది. పైపు జెట్‌తో సిలిండర్ వాడితే పసుపు మంట లేచి గిన్నెలు మసిబారతాయి, అది ప్రమాదం కూడా. జెట్లు మార్చే పని కంపెనీ మనిషే చేయాలి. ఉన్న జెట్‌నే సూదితోనో డ్రిల్లుతోనో పెద్దది చేసేస్తానన్న మెకానిక్‌ని గుమ్మం దగ్గరే పంపించేయండి.

ఇక ఇండక్షన్. ఇంజినీరింగ్ చదివినందుకు ఇక్కడ ఒక లెక్క వేస్తాను, ఓపిక పట్టండి. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది. మన గ్యాస్ స్టవ్‌ల ఐఎస్ఐ ప్రమాణం ప్రకారం అందులో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలి. అంటే 122 యూనిట్ల పైచిలుకు. ఇండక్షన్‌లో దాదాపు 85 శాతం గిన్నెకు చేరుతుందనుకుంటే, అదే పనికి సుమారు 145 యూనిట్ల కరెంటు కావాలి. కాబట్టి మీ సిలిండర్ ధరను 145తో భాగించండి. సిలిండర్ 900 రూపాయలైతే ఆరు రూపాయల ఇరవై పైసలు వస్తుంది. మీ కరెంటు బిల్లులో చివరి శ్లాబు రేటు అంతకన్నా తక్కువుంటే ఇండక్షన్ చవక, ఎక్కువుంటే గ్యాస్ చవక. సగటు రేటు కాదు, చివరి శ్లాబు రేటే చూడాలి. ఎందుకంటే వంటకు కాలే యూనిట్లు మిగతా వాడకం మీద అదనంగా వచ్చి పడేవి. 68 శాతం అన్నది ల్యాబ్ లెక్క. మంట గిన్నె పక్కలకు ఎగబాకేలా వండితే గ్యాస్ లెక్క ఇంకా తగ్గుతుంది.

దీనిలో ఒక తమాషా ఉంది. మే నెలలో ఏసీల వల్ల శ్లాబు పైకి పోయి ఇండక్షన్ ఖరీదవుతుంది. కానీ ఇండక్షన్ అవసరం ఎక్కువ ఉండేది కూడా మే నెలలోనే. గ్యాస్ మంట ముందు ఫ్యాన్ వేయలేం, ఇండక్షన్ ముందు హాయిగా వేసుకోవచ్చు. విజయవాడ ఎండల్లో వంటింట్లో గంట నిలబడ్డవాళ్లెవరూ ఆ తేడాని పైసల్లో లెక్కపెట్టరు.

అలాగని పూర్తిగా ఇండక్షన్‌కే మారిపోమని చెప్పను. గిన్నెల అడుగున ఫ్రిజ్ అయస్కాంతం అంటించి చూడండి. సత్తు గిన్నెలు, ఇత్తడి, మట్టి కుండలు పనికిరావు. స్టీలు గిన్నెల్లోనూ అన్నిటికీ అంటదు. గుండ్రటి అడుగు మూకుడు కుదరదు. ఇనుప పెనానికి అంటుతుంది గానీ, చిన్న ఇండక్షన్ మీద దోసె మధ్యలో ఎర్రగా, అంచుల్లో తెల్లగా వస్తుంది. వంకాయ కాల్చి చేసే పచ్చడి, మంట మీద పొంగే పుల్కా, కాల్చిన అప్పడం... ఇవన్నీ వదులుకోవాలి. చవక మోడళ్లు సన్నని సెగ ఇవ్వలేవు. కాసేపు గట్టిగా వేడి చేసి, కాసేపు ఆపుతుంటాయి, పాకం అడుగంటుతుంది. కరెంటు పోతే మామూలు ఇంటి ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లుంటే ముందు డాక్టర్‌ని అడగండి.

నేను చెప్పేదల్లా, ఎఫ్ఎఫ్‌డీ ఉన్న మూడు బర్నర్ల గ్యాస్ హాబ్, పక్కన ఒక సింగిల్ ఇండక్షన్. అన్నం, పాలు, టీ నీళ్లు దాని మీద నడిచిపోతాయి. దానికోసం గట్టు దగ్గర 16 ఆంప్స్ సాకెట్ ముందే పెట్టించండి. 2000 వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంప్స్ లాగుతుంది, చిన్న సాకెట్ కరిగిపోతుంది. ఒకవేళ నాలుగు చోట్ల వండే పెద్ద ఇండక్షన్ హాబే కావాలనుకుంటే, అది ఏడు కిలోవాట్ల దాకా లాగుతుంది. విడిగా మందమైన వైరు, 32 ఆంప్స్ బ్రేకర్ ఉండాలి. మీ కరెంటు బిల్లులో మంజూరైన లోడు ఎంతో చూసి ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాకే అడ్వాన్స్ ఇవ్వండి.

బిగించే రోజు ఎవరైనా ఇంట్లో ఉండాలి. గ్రానైట్ కోసే ముందు హాబ్ డబ్బాలోని కొలతల కాగితం మేస్త్రీ చేతిలో పెట్టండి, దాని ఫొటో మీ దగ్గర ఉంచుకోండి. ముందు వైపు గ్రానైట్ మరీ సన్నని పట్టీలా మిగిలితే అక్కడే పగులుతుంది. హాబ్ వచ్చాక గ్యాస్ ట్యూబు అల్మరాలోకి వెళ్లిపోతుంది, ఇక కంటికి కనబడదు. ఎలుక కొరికినా తెలియదు. కాబట్టి స్టీలు తీగ అల్లిక ఉన్న ఐఎస్ఐ సురక్ష ట్యూబే వేయించి, వేసిన తేదీ దాని మీదే రాసి, ఐదేళ్లకు మార్చేయండి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కింద చేరుతుంది. అందుకే సిలిండర్ ఉన్న అల్మరా తలుపుకు రంధ్రాలు పైన కాదు, నేలకు దగ్గరగా ఉండాలి. మేస్త్రీ ఉండగానే అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అదే తలుపు లోపలి వైపు మార్కర్‌తో 1906 అని పెద్దగా రాయించండి, గ్యాస్ లీకైతే చేయాల్సిన నంబరు అది. ఫోన్ మాత్రం ఇంటి బయటికొచ్చాకే చేయాలి.