ద్రాక్షాసవమును వితంతువులును

దేశదేశముల ద్రాక్షాసవములను గూర్చి వ్రాయబూనితిమనగానే కొందఱు సోదరీమణులు నొసలు ముడిచెదరేమో. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారాకొట్టును మూయించిరి. ఆ యుద్యమము నాడెల్ల వ్యాపించి మఱుసటి యేట సారానిషేధమునే తెచ్చినది. అట్టి స్త్రీలు చదువు పత్రికలో మద్యప్రశంస చేయ మాకు సాహసమును లేదు, ఇచ్ఛయు లేదు. మేము చెప్పనెంచినది పానమును గూర్చి కాదు, దానిని చేయించి యమ్మిన కొందఱు స్త్రీలను గూర్చి.

వస్తువు మనకు క్రొత్తది కాదు. ద్రాక్షరసముతో చేసినదానికి మధువని పేరనియు, పుట్టిన సీమను బట్టి కాపిశాయనము, హారహూరకము అని పిలుతురనియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పియున్నాడు. నేటికిని ఆచారమదియే. షాంపేను, బోర్దో, బర్గండీ, పోర్టు అన్నియు ఊళ్లపేళ్లో సీమలపేళ్లో. కుండలో పులియనిచ్చు మన ద్రాక్షారిష్టమును ఈ జాతిలోనిదే.

ఇక ఎఱుపు తెలుపుల మాట. నల్లద్రాక్షనుండి ఎఱ్ఱనిదియు తెల్లద్రాక్షనుండి తెల్లనిదియు వచ్చునని మనమనుకొందుము. నల్లపండును చిదిమి చూడుడు. లోని రసమునకు రంగు లేదు. రంగంతయు తొక్కలో నున్నది. తొక్కతో గూడ పులియబెట్టినచో ఎఱ్ఱనిది యగును, తొక్క వెంటనే తీసివేసినచో తెల్లనిది యగును. ఎఱ్ఱనిదానికి గల వగరును తొక్కనుండి, గింజలనుండి వచ్చునదే. షాంపేను చూపునకు తెల్లనిదైనను దానికి వాడు పండ్లలో నల్లద్రాక్షయే పెద్దపాలు.

ఆ షాంపేను సీమలో, రాంసు నగరమున, 1805లో ఫ్రాన్స్వా క్లికో అను వర్తకుడు మరణించెను. భార్య బార్బ్-నికోలుకు అప్పటికి 27 ఏండ్లు, చిన్న కూతురు. మామగారు వ్యాపారము మూసివేయ నిశ్చయించెను. తాను నడిపెదనని ఆ కోడలు ఆయనను వేడుకొనెను.

ఇచ్చట నొక వింత గలదు. 1804 నాటి నెపోలియను ధర్మశాస్త్రము ప్రకారము భర్తగల స్త్రీ అతని యనుమతి లేక ఒడంబడిక వ్రాసికొనరాదు. వితంతువునకు ఆ యడ్డు లేదు. భర్త యున్నన్నాళ్లు లేని హక్కు అతడు పోయిననాడు వచ్చినది! ఆ దేశమున గృహిణి భర్తను అడుగకయే ఉద్యోగము చేయుటకును, బ్యాంకులో ఖాతా తెఱచుటకును హక్కు కలిగినది 1965లో. మనకైనను, భర్త యాస్తిలో వితంతువునకు 1937 నాటి చట్టము అనుభవించు హక్కును మాత్రమే యిచ్చినది; పూర్ణాధికారము 1956లో గాని రాలేదు. ఎవరిని చూచి యెవరు నవ్వవలెను?

మామగారు ఒప్పుకొనెను గాని, అనుభవజ్ఞుడైన యొక భాగస్వామి యొద్ద నాలుగేండ్లు పని నేర్వవలెనని నియమము పెట్టెను. యుద్ధములచే రేవులు మూతబడినవి. గడువు తీఱుసరికి భాగస్వామి తొలగిపోయెను. 1810లో ఆమె తన పేరనే వ్యాపారము నిలిపెను. ఫ్రెంచిభాషలో "వవ్" అనగా వితంతువు. మనలో ఎదురువచ్చిన నపశకునమని తొలగిపోవు ఆ పదమునే ఆమె "వవ్ క్లికో" అని తన సరకునకు పేరుగా పెట్టెను. నేటికిని సీసాలపై నదే పేరు.

1814లో నెపోలియను పడిపోయినంతనే, తోటివర్తకులు కదలకమునుపే, తోకచుక్క కనబడిన 1811 నాటి పంటతో చేసిన సీసాలను పదివేలకు పైగా ఓడకెత్తి రష్యావారికై పంపెను. అవి మంచి ధరకు చెల్లిపోయినవి.

ఆమె బుద్ధికి మేము మెచ్చునది వేఱొకటి. షాంపేను సీసాలోనే రెండవసారి పులియును. అడుగున మడ్డి నిలుచును. దానిని పోగొట్ట సీసానుండి సీసాకు వంచుచుండిరి. అందు నురుగును పోవుచుండెను. 1816 ప్రాంతమున ఆమె బల్లకు రంధ్రములు వేయించి, సీసాలను మెడ క్రిందుగా గ్రుచ్చి, దినదినము కొంచెము త్రిప్పించెను. మడ్డి బిరడామీదికి జాఱును. బిరడా తీసినంతనే వెలికి చిమ్మును. ఆ బల్ల ఆమె వంటింటిదే యని ప్రతీతి. పప్పుకట్టు తేర్చిన చేతులకు ఈ యుపాయము తోచుట మాకు ఆశ్చర్యము కాదు.

అదే నగరమున 1858లో వితంతువైన లూయీజు పొమ్మెరీ, తియ్యని షాంపేనే వాడుకగా నున్న దినములలో, 1874 నాటి పంటతో తీపి తగ్గించినదానిని చేసి ఇంగ్లండువారికి రుచి మరపెను.

పోర్చుగల్లున దొన ఆంతోనియా ఫెరేరా 33వ యేట భర్తను గోల్పోయి, దోరు నదీతీరమున ద్రాక్షతోటల నేలెను. అచ్చటి పోర్టు మిక్కిలిగా ఎఱ్ఱనిది; పులియుచుండగనే ద్రాక్షసారాయి పోసి ఆపుదురు గనుక తీపి నిలుచును. 1861లో ఆ నదీప్రవాహమున పడవ తలక్రిందై బారను ఫారెస్టరను వర్తకుడు మునిగిపోగా, ఈమె వెడల్పు పావడ గాలికుబ్బి యామెను తేల్చినదని చెప్పుకొందురు. అటుపిమ్మట అమెరికానుండి వచ్చిన ఫిల్లాక్సెరా అను పురుగు వేళ్లను తిని యూరపులోని తోటలను పాడుచేసెను. 1896లో మరణించువఱకు ఆమె ఆ చేటును చూచుచునే తోటలను నిలిపెను. కడకు దొరకిన మందు మన అంటుమామిడి వంటిదే. పురుగును తట్టుకొను అమెరికా తీగ వేళ్లపై యూరపు కొమ్మ నంటగట్టిరి. నేటికిని ఆ ఖండమునందలి ద్రాక్షతీగలలో పెక్కింటికి వేళ్లు పరదేశమువే.