కాల్షీట్లు చాలు, కలం ఇవ్వండి

తెలుగు టెలివిజన్‌ను మోస్తున్నది ఆడవాళ్లు. తెర మీదా వాళ్లే, తెర ముందూ వాళ్లే. పొద్దుగూకాక భద్రాచలం దగ్గరి మా బూర్గంపాడులో, సారపాకలో, కిన్నెరసాని పక్కన గూడేల్లో ఏ ఇంటి ముందు నుంచి నడిచినా సీరియల్ మాటలే చెవిన పడతాయి. ఆ మాటలు రాసిందెవరు, ఆ కథ మీద హక్కెవరిదని అడిగితే మాత్రం ఆడపేరు అరుదుగా వినిపిస్తుంది. దీన్ని ఆనవాయితీ అనుకొని ఊరుకోవడం నా వల్ల కాదు. ఇది దోపిడీ.

వంటలక్క సంగతే చూడండి. 2017 నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచిన 'కార్తీక దీపం' మలయాళ 'కరుత్తముత్తు'కు రీమేక్. రెండింట్లోనూ నాయిక ప్రేమి విశ్వనాథే. నల్లగా ఉన్నందుకు అడుగడుగునా అవమానపడే ఆడదాని కథ అది. ఆ కథ చెప్పడానికి ఆమె ముఖానికి నలుపు పూశారు. మా ఊళ్ల నల్లపిల్లలు ఐదేళ్లకు పైగా ఆ తెర ముందు కూర్చుని, వంటలక్కగా పేరుపడ్డ నాయిక దీపతో పాటు ఏడ్చారు. నల్లపిల్ల కథకు నల్లపిల్ల పనికిరాలేదని ఆ పూత రోజూ వాళ్లకు చెబుతూనే ఉంది. ఇందులో నటిది తప్పు లేదు. అంతమందిని అన్నేళ్లు కూర్చోబెట్టింది ఆమె సత్తానే. తప్పంతా పద్ధతిది. నల్లపిల్లగా పెరిగిన ఒక్క ఆడమనిషి ఆ కథ రాసే చోట కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే ఆ పూత డబ్బా మూత తెరుచుకునేదే కాదు.

ఆ పద్ధతి ఎలా నడుస్తుందో చెప్పుకుందాం. నటికి రోజుకింత అని లెక్క. సీన్ పేపరు చాలాసార్లు సెట్‌కు వచ్చాకే చేతికొస్తుంది. గురువారం రేటింగులు వస్తాయి. అంకె పడిపోతే పాత్ర చచ్చిపోతుంది, లేదా మతి పోగొట్టుకుంటుంది, లేదా కొత్త ముఖంతో తిరిగొస్తుంది. డబ్బు పెట్టిన చానల్ కథ మీద హక్కులు తన దగ్గరే ఉంచుకుంటుంది. వెయ్యి ఎపిసోడ్లు ఏడ్చిన నటి సీరియల్ అయిపోయిన మర్నాడు ఇంకో ఆఫీసు ముందు నిలబడాలి. కూలికి పిలిచిన మనిషికి పంటలో వాటా ఉండదు. పోడు కోసం, పట్టా కోసం తరాల తరబడి కొట్లాడిన మా ప్రాంతానికి ఆ తేడా ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

నటి తానే రాసి, తానే నిర్మించడం మనకు తెలియని విద్యా? కాదు. భానుమతీ రామకృష్ణ ఆ పని ఎప్పుడో చేసి చూపించారు. 1939లో 'వరవిక్రయం'తో తెర మీదకొచ్చిన అమ్మాయి భర్తతో కలిసి భరణీ సంస్థ పెట్టింది, స్టూడియో నడిపింది, 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది. పాడింది, 'అత్తగారి కథలు' రాసింది. 'మిస్సమ్మ'లో మొదట ఆమే నాయిక. కొంత షూటింగయ్యాక నిర్మాత చక్రపాణితో మాట తేడా వచ్చింది. ఆమె తగ్గలేదు, పాత్ర సావిత్రికి వెళ్లింది. తల వంచకుండా అలా బయటికి నడవగలిగిందంటే వెనక భరణీ ఉంది కాబట్టి. ఆత్మగౌరవానికి ఆస్తి కాగితం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

టీవీలో ఆ దారి పట్టింది రాధిక. 'న్యాయం కావాలి', 'స్వాతిముత్యం' నాటి రాధిక తన రాడాన్ సంస్థతో 'చిత్తి' తీసింది. అదే 'పిన్ని'గా జెమినీలో మన ఇళ్లకొచ్చింది. నాయికా తనే, నిర్మాతా తనే. ఆ సంస్థ షేర్ మార్కెట్ దాకా వెళ్లింది. హిందీలో నీనా గుప్తా 1998లో 'సాన్స్' రాసి, డైరెక్ట్ చేసి, అందులో తానే నటించారు. భర్త వేరే స్త్రీ దగ్గరికి వెళ్తే ఇంట్లో మిగిలిన భార్య ఎలా ఊపిరి తీసుకుంటుందో అప్పటిదాకా మన టీవీ అంత దగ్గరగా చూడలేదు. ఇక మనవైపు మంజులా నాయుడు నటి కాకపోయినా 'చక్రవాకం', 'మొగలి రేకులు' ఏళ్ల తరబడి నడిపి, కెప్టెన్ కుర్చీ ఆడదానికి పెద్దదేమీ కాదని తేల్చేశారు.

వెంటనే ఒక మాట వస్తుంది. రాధిక ఎం.ఆర్. రాధా కూతురండీ, నిహారిక మెగా కుటుంబం, మంచు లక్ష్మి మోహన్‌బాబు బిడ్డ, వాళ్లకు చెల్లుతుంది, అందరికీ చెల్లుతుందా అని. నా కోపమంతా అక్కడే. 2016లోనే 'ముద్దపప్పు ఆవకాయ' అనే వెబ్ సిరీస్ నిర్మించి అందులో నటించిన నిహారికను నేను తక్కువ చేయను. అది ధైర్యమే. కానీ ఇంటిపేరు అండ లేని ఆడపిల్ల ఆ తలుపు దాకా కూడా రాలేకపోతోందంటే, సిగ్గుపడాల్సింది తలుపు వేసుకున్నవాళ్లు.

ఆ అండ లేకుండానే నిలబడ్డ నటి లండన్‌లో ఉంది, మైకేలా కోల్. ఘానా నుంచి వలస వెళ్లిన కుటుంబంలో పుట్టింది, ప్రభుత్వ ఇళ్లలో పెరిగింది. తన కథకు నెట్‌ఫ్లిక్స్ 10 లక్షల డాలర్లు ఇస్తామంది. హక్కుల్లో కాస్త వాటా నాకు ఉంచండి అని అడిగింది, కుదరదన్నారు. డబ్బు వద్దని లేచి వచ్చేసింది. బీబీసీకి వెళ్లి 2020లో 'ఐ మే డిస్ట్రాయ్ యు' తీసింది. రచన, నటన తనవే, నిర్మాణంలోనూ దర్శకత్వంలోనూ తన చేయి ఉంది. మరుసటి ఏడాది రచనకే ఎమ్మీ అందుకుంది. అమెరికాలో 2021లో వచ్చిన 'రదర్‌ఫర్డ్ ఫాల్స్' సంగతి మా ఏజెన్సీ వాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాలి. దాన్ని నడిపింది సియెర్రా టెల్లర్ ఒర్నెలస్ అనే నవాహో మహిళ. లకోటా తెగకు చెందిన జానా ష్మీడింగ్ అందులో నటించింది, రాసేవాళ్ల బల్ల దగ్గరా కూర్చుంది. ఆదివాసీ పాత్ర ఏం మాట్లాడాలో తేల్చే చోట ఆదివాసీ ఆడవాళ్లు ఉన్నారు.

మరి మా దగ్గర? 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు బూర్గంపాడు నీళ్లలో మునిగింది. కెమెరాలు వచ్చాయి. పునరావాస కేంద్రాల్లో చంటిపిల్లలతో కూర్చున్న ఆడవాళ్ల ముఖాల మీద కాసేపు ఆగాయి, నీళ్లు తీయగానే వెళ్లిపోయాయి. పోలవరం ముంపు పేరుతో 2014లో మా మండలంలోని కొన్ని ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, మెట్టిల్లు ఇంకో రాష్ట్రంలో ఉన్న కోడలి కథ ఏ చానల్లో వచ్చింది? తునికాకు కల్లం దగ్గర కట్టలు లెక్కించే అమ్మ, పేపర్ మిల్లు షిఫ్టుకు భర్తను పంపి బడికి పిల్లను తయారుచేసే ఇల్లాలు, కోయలోనే కలలు కనే అమ్మాయి ఏ సీరియల్లో ఉన్నారు? మణుగూరు పక్క కూనవరం సకిని రామచంద్రయ్య కోయ డోలు పట్టి సమ్మక్క సారలమ్మల కథ పాడితే 2022లో పద్మశ్రీ వచ్చింది. అంత కథాసంపద ఉన్న నేలను టీవీ వాళ్లు పాట సీనుకు అడవి కావాల్సినప్పుడే తలుచుకుంటున్నారు. ఆ సీనులో ఈకలు పెట్టుకుని గంతులేసే గుంపు ఈ భూమి మీద ఎక్కడా లేదు. దాన్ని చూసి మా పిల్లలు తలదించుకుంటున్నారు.

దూరదర్శన్ మన సొమ్ముతో నడిచే సంస్థ. బయటి నిర్మాతలకు పదమూడు వారాల సీరియళ్లు ఇచ్చిన చరిత్ర దానికుంది. దాని యాదగిరి చానల్ వారానికి ఒక అరగంట ఏజెన్సీ ఆడవాళ్లకు ఇవ్వాలి. రాసేదీ, నటించేదీ, ఖర్చు లెక్క చూసేదీ వాళ్లే కావాలి, హక్కు పత్రం వాళ్ల పేరునే ఉండాలి. గిరిజనాభివృద్ధి సంస్థ భద్రాచలం ఐటీడీఏ కుట్టుపని నేర్పినట్టే స్క్రిప్టూ ఎడిటింగూ నేర్పించాలి. ప్రైవేటు చానళ్లు నటి తెచ్చిన కథలో నటికి వాటా రాసివ్వాలి. అమ్మాయిలూ, ఆడిషన్‌కు వెళ్లేటప్పుడు ఫొటోలతో పాటు మీరు రాసుకున్న కథ కూడా పట్టుకెళ్లండి. దాని మీద మీ పేరు ఉండనివ్వని కాగితం మీద సంతకం పెట్టకండి.