పరచువారెవరు? తీయువారెవరు?

అనంతపురము పుచ్చతోటలయందును, మదనపల్లె టమాటో తోటలయందును వేసవిలో తిరిగినవారు బోదెలపై పరచిన మల్చింగు షీటును చూచియేయుందురు. ఆ షీటు నీటిని ఆవిరి కానీయదు, కలుపును పెరుగనీయదు, కూలి కలిసివచ్చును. వరుణదేవునిపై భారము వేసి సేద్యము చేయు రాయలసీమ రైతునకు ఇది చిన్న మేలు కాదు. కావున షీటును దూషించుట మా యభిమతము కాదు. పైరు ముగిసిన పిదప అది ఏమగుచున్నదన్నదే మా ప్రశ్న.

మూడు నాలుగు మాసముల పైరునకు 25 లేక 30 మైక్రానుల పాలిథీను షీటు పరచుట వాడుక. ఎండలోని అతినీలలోహిత కిరణములు, వేడిమి, గాలిలోని ప్రాణవాయువు ఏకమై పాలిథీను అణువుల పొడవైన గొలుసులను తెంపును. వేడిమి హెచ్చినకొలది ఈ తెగుట త్వరపడును. నల్లని షీటు మిట్టమధ్యాహ్నము గాలికంటె మిక్కిలి కాగును గదా! షీటు చెడకుండుటకై కలిపిన మందులను పైరుపై చల్లు గంధకము హరించును. తుదకు షీటు పెళుసెక్కి చేయి తగిలినంతనే చిరుగును. రైతు పట్టి లాగగా కొంత చేతికి వచ్చును. కొంత మట్టిలో నిలుచును. ముక్క చిన్నదగును గాని మన్నై పోదు. ఏటేట పేరుకొనిన ముక్కలు నీటికిని వేళ్లకును అడ్డుపడును. గట్టున పోసి కాల్చినచో హానికరమగు పొగ.

చీనాదేశము ఈ బాధను మనకంటె ముందు అనుభవించినది. అచట 8 మైక్రానుల షీట్లు చేతికి రాక ప్రత్తిచేలలో పేరుకొనగా, 2017లో కనీసపు మందమును 10 మైక్రానులకు పెంచిరి. పలుచని షీటు చవుక కాదని ఆ దేశము తెలిసికొనినది.

మన చట్టము తీరు చూడుడు. పట్టణములోని చేతిసంచి 120 మైక్రానులకు తగ్గరాదని 2022 డిసెంబరు 31 నుండి శాసనము. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో వెలువడిన నిబంధనలు ప్యాకింగు ప్లాస్టిక్కును తిరిగి సేకరించు బాధ్యతను దానిని తయారుచేయువారిపై మోపినవి. ఎరువు నింపిన సంచి ఆ నిబంధనలకు లోబడును; ఆ యెరువు వేసిన చేనిలో పరచిన షీటు ప్యాకింగు కాదు గనుక లోబడదు. ఉద్యాన పథకము క్రింద ప్రభుత్వము షీటు ఖర్చులో సగము వరకు సహాయమిచ్చుచున్నది. ఆ ధనము పరచుటకే గాని తీయుటకు కాదు.

మేము కోరునది నాలుగు మాటలు. సహాయపు సొమ్ములో కొంత, రైతు పాత షీటును అప్పగించిన పిదప చెల్లింపవలెను. అమ్మినవాడే దానిని తూకమునకు తిరిగి కొనవలెను. మన యెండకు తాళి, చిరుగక పైకివచ్చునంత మందము గల షీటునకే సహాయము దక్కవలెను. వరిగడ్డియో చెరకు ఆకో పరచు రైతునకును అట్టి సహాయమే యందవలెను. అది మన పొలములో పుట్టి మన పొలములోనే మన్నగును.

రైతును నిందించి ప్రయోజనము లేదు. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు పట్టణవాసులు తమ శాసనసభ్యులను ఈ మాట అడుగుదురు గాక! స్వరాజ్యము గడించిన పెద్దలు మన చేతిలో పెట్టినది ఈ నేల. దీనిని ప్లాస్టిక్కు ముక్కలతో నింపి బిడ్డలకు అప్పగింపరాదు.