పక్కదారి వడపోత

పాతకార్ల ప్రియులు నలుగురు చేరిన చోట ఆయిల్ ఫిల్టరు ప్రస్తావన వస్తే, బైపాస్ ఫిల్టరు మీద ఒక చిన్నచూపు మాట తప్పకుండా వినబడుతుంది. "పదోవంతు నూనెను వడగట్టి, మిగతా తొమ్మిది వంతులనూ మురికితోనే బేరింగులకు వదిలేస్తుంది. అదీ ఒక ఫిల్టరేనా?" అని. ఈ మాటలో లెక్క దాదాపు సరైనదే. తీర్పు మాత్రం అన్యాయమని నా అభిప్రాయం. ఆ తీర్పును నమ్మి చేస్తున్న మార్పులు కొన్ని ఇంజన్లకే చేటు తెస్తున్నాయి గనుక ఈ నాలుగు మాటలూ రాయక తప్పడం లేదు.

ముందుగా అది పనిచేసే తీరు. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి సంపు. పంపు అక్కడి నూనెను తోడి, సన్నని దారుల గుండా క్రాంక్ షాఫ్టు బేరింగులకు అందిస్తుంది. నేటి కార్లలో పంపు తోడిన నూనె అంతా ఫిల్టరును దాటాకే బేరింగులను చేరుతుంది. ఇది ఫుల్‌ఫ్లో పద్ధతి. బైపాస్ పద్ధతిలో దారి రెండుగా చీలుతుంది. పెద్దదారి నేరుగా బేరింగులకు పోతుంది. చిన్నదారి ఒక సన్నని గొట్టం గుండా ఇంజను పక్కనున్న డబ్బాలోకి పోతుంది. అక్కడ దట్టంగా కూరిన పత్తిలోంచో, కాగితపు మడతల్లోంచో మెల్లగా ఊరి, ఆ నూనె తిరిగి సంపులోకే దిగుతుంది. ఈ చిన్నదారిలో ఎక్కడో ఒకచోట సూదిబెజ్జం లాంటి రంధ్రం ఉంటుంది. నూనె అంతా సులువైన ఈ దారినే పారిపోయి, బేరింగుల దగ్గర ఒత్తిడి పడిపోకుండా కాపాడేది ఆ రంధ్రమే.

ఇలా ఎందుకు చేశారు? ఫోర్డు మోడల్ టీ కారులో (1908-27) నూనె పంపూ లేదు, ఫిల్టరూ లేదు. ఫ్లైవీలు చిమ్మిన నూనెతోనే ఇంజను బతికేది. 1920ల మొదట్లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనే అమెరికన్ ఇంజనీరు ప్యూరొలేటర్ అనే ఫిల్టరును రూపొందించాడు. 1924 నాటి క్రైస్లర్ కారుకు దానిని బిగించారు. అదీ బైపాస్ పద్ధతిదే. నాటి వడపోత సామగ్రి గుండా పంపు నూనెనంతటినీ తోయడం కష్టం. తోసినా, ఫిల్టరు పూడుకుపోయిన రోజున బేరింగులు ఎండిపోయి ఇంజను పట్టేస్తుంది. అందుకని ఫిల్టరును ప్రాణవాయువు దారిలో పెట్టకుండా పక్కన పెట్టారు. అది పూడినా ఇంజను నడుస్తుంది. ఇందులో నాకు కనిపించేది తెలివితక్కువతనం కాదు, జాగ్రత్త.

ఇక ఆ పదోవంతు లెక్క. బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్ళు పోయడం ఒక పద్ధతి. బిందెలోంచి చెంబుడు చొప్పున తీసి, నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, మళ్ళీ అదే బిందెలో పోస్తూ ఉండడం ఇంకొక పద్ధతి. బైపాస్ రెండవది. సంపులో నాలుగు లీటర్ల నూనె ఉందనుకుందాం. డబ్బా గుండా నిమిషానికి ఒక లీటరు పోతోందనుకుందాం. వడగట్టినదీ వడగట్టనిదీ కలిసిపోతూనే ఉంటాయి కాబట్టి, నాలుగు నిమిషాలకు ఒక్కసారైనా ఫిల్టరును చూడని నూనె సుమారు 37 శాతం మిగులుతుంది. పన్నెండు నిమిషాలకు అది 5 శాతానికి దిగుతుంది. ఊరు దాటేసరికి సంపులోని నూనె దాదాపు అంతా వడపోతకు వెళ్ళివచ్చినట్టే. పైగా తొందర లేదు గనుక గుడ్డను ఎంత దట్టంగానైనా పెట్టవచ్చు. 1950లలో అమెరికాలో వచ్చిన ఫ్రాంట్జ్ ఫిల్టరులో వడపోతకు వాడినది మరుగుదొడ్డి కాగితపు చుట్ట అంటే నవ్వొస్తుంది గానీ, అంత దట్టమైన కాగితంలోంచి నూనెను ఊరించడం పక్కదారిలోనే సాధ్యం.

అయితే ఒక్క విషయంలో ఫుల్‌ఫ్లో మెరుగని ఒప్పుకోవాలి. ఇప్పుడే సంపులో పడిన ఇసుకరేణువు బైపాస్ ఇంజనులో ఫిల్టరుకన్నా ముందు బేరింగునే చేరవచ్చు. బైపాస్ ఫిల్టరు ఇల్లు ఊడ్చే మనిషి వంటిది. గుమ్మం దగ్గర కాపలా దాని పని కాదు. నాటి బేరింగులకు పోసిన బాబిట్ అనే మెత్తటి తగరపు మిశ్రమం చిన్న రేణువులను తనలో ఇముడ్చుకుని షాఫ్టును కొంత కాపాడేది. ఆ ఓర్పుకూ ఒక హద్దుంది. ఫుల్‌ఫ్లో కాపలా కూడా సంపూర్ణం కాదని మరువకూడదు. ఫిల్టరు పూడినప్పుడూ, చలికి నూనె చిక్కబడినప్పుడూ అందులోని కవాటం తెరుచుకుని వడగట్టని నూనెనే పంపుతుంది.

ఇప్పుడు చేటు సంగతి. కొందరు "ఎలాగూ పనికిరానిదే" అని గొట్టాలు పీకేసి, ఖాళీ డబ్బాకు మెరిసే రంగు వేసి అలంకారంగా ఉంచుతున్నారు. కొందరు పాత అమరిక తీసేసి కొత్త ఇత్తడి బిగింపు పెడతారు. సూదిబెజ్జం దానితోనే పోతుంది, నెమ్మదిగా తిరిగే ఇంజనులో ఒత్తిడి ముల్లు కిందికి జారుతుంది. మరికొందరు ఫోర్డు వీ8 వంటి ఇంజన్ల దిమ్మెకు కొత్త రంధ్రాలు తొలిచి ఫుల్‌ఫ్లోకు మారుస్తున్నారు. ఇంజనును పూర్తిగా విప్పి, రోజూ దూరాలు తిప్పదలచినవారు అలా చేస్తే నేను తప్పుపట్టను. ఏడాదికి రెండు మూడు ఊరేగింపులకు తీసే కారుకు, తిరిగి పూడ్చలేని ఆ గాయం దేనికి? బాబిట్ పోసి బేరింగు తయారుచేయగల పనివారే అరుదైపోయిన కాలమిది. ఉన్న దిమ్మెను కాపాడుకోవడమే వివేకం.

ఇది పూర్తిగా పరాయి దేశపు గొడవ కాదు. రెండవ ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపుకు ఉన్నది బైపాస్ ఫిల్టరే. ఆ జీపుల వంశాన్ని 1940ల చివరి నుంచి మహీంద్రా కంపెనీ మన దేశంలో బిగించింది. అటువంటి పాత బండి ఇంట్లో ఉన్నవారు చేయవలసినది చాలా తక్కువ. ఇంజను బాగా వేడెక్కాక డబ్బా మీద జాగ్రత్తగా చేయి ఆనించి చూడండి. వేడిగా ఉంటే నూనె పారుతున్నట్టు. చల్లగా ఉంటే లోపలి చుట్ట పూడిందో, బెజ్జం మూసుకుందో చూసుకోవాలి. బైపాస్ ఫిల్టరు పూడితే ఇంజను ఏమీ చెప్పదు. దాని అసలు లోపం నా దృష్టిలో ఈ మౌనమే. నూనెలో కలిసిన పెట్రోలును ఏ ఫిల్టరూ తీయలేదు కాబట్టి, తిప్పినా తిప్పకపోయినా ఏడాదికొకసారి నూనె మార్చాలి. మార్చేటప్పుడు గరాటా తుడవాలి, మూత చుట్టూ దుమ్ము దులపాలి.

పెద్ద డీజిలు ఇంజన్లలో నేటికీ ఫుల్‌ఫ్లోకు తోడుగా బైపాస్ వడపోతను వాడుతున్నారు. గుమ్మానికి కాపలా ఒకటి, ఇల్లూడ్చడానికి ఇంకొకటి. పాతకారులో ఆ రెండవది మాత్రమే ఉంది. మొదటి పనిని కారు తయారుచేసినవారు యజమానికి అప్పగించారు. పదోవంతు వడగట్టే ఫిల్టరును నిందించేవారు, తమ వంతుకు వచ్చిన ఆ కాపలా ఎంత శ్రద్ధగా కాస్తున్నారో కూడా చూసుకుంటే బాగుంటుందని నా మనవి.