బండి సంగతులు: స్టీరింగు లొడలొడలాడితే

పాత పికప్పు నడిపేవారికి ఒక అలవాటు తెలియకుండానే వచ్చేస్తుంది. రోడ్డు తిన్నగా ఉన్నా స్టీరింగును అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతూనే ఉంటారు. అడిగితే, "పాత బండి కదండీ, ఆ మాత్రం ప్లే ఉంటుంది" అంటారు. ప్లే ఒక్కరోజులో పెరగదు గనుక చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. కొత్త డ్రైవరు ఎక్కితే గాని ఎంత వదులైందో బయటపడదు. ఇంజను మొరాయిస్తే బండి ఆగిపోతుంది, అంతే. స్టీరింగు లింకు ఊడితే బండి ఆగదు, మన మాటా వినదు. వారమంతా సరుకు మోసి, ఆదివారం క్యాబిన్‌లో పిల్లల్ని కూర్చోబెట్టుకునే బండి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

చట్టం కూడా దీన్ని వదిలెయ్యలేదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో 98వ నియమం ప్రకారం స్టీరింగు చక్రం మీద ప్లే 30 డిగ్రీలు మించకూడదు. లింకేజీలోని బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు టోపీలుండాలి, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాకయి ఉండాలి. కేంద్ర నియమం గనుక బళ్లారి అయినా, హోసూరు అయినా, షోలాపూర్, బరంపురం, యానాం అయినా ఇదే లెక్క. 30 డిగ్రీలంటే గడియారంలో 12 నుంచి 1 దాకా ఉన్న దూరం. 40 సెంటీమీటర్ల స్టీరింగు చక్రం అంచు మీద కొలిస్తే పది సెంటీమీటర్ల పైచిలుకు. అది చట్టం ఒప్పే ఆఖరి హద్దు మాత్రమే. నన్నడిగితే అందులో సగం రాగానే బండి కిందకు దూరాలి.

కింద ఏముంటుందో ముందు చూద్దాం. స్టీరింగు బాక్సుకు వేలాడే చెయ్యి డ్రాప్ ఆర్మ్. దాన్నుంచి ఒక చక్రానికి పోయే కడ్డీ డ్రాగ్ లింకు. ఆ చక్రాన్నీ రెండో చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా ఉండే గొట్టం టై రాడ్డు. 1986లో టెల్కో తెచ్చిన టాటా 407 లాగా ముందు ఒకే దూలం ఇరుసు ఉన్న బండ్లలో ఇదే అమరిక. ముందు చక్రాలు విడివిడిగా ఊగే బండ్లలో ముక్కల అమరిక వేరు, సూత్రం అదే. లింకుల చివరల్లో ఉండే బాల్ జాయింటు మన భుజం కీలు లాంటిది, గిన్నెలో గుండు. పైనున్న రబ్బరు చిరిగితే నీళ్లూ దుమ్మూ లోపలికి పోతాయి, గ్రీజు బయటికి వస్తుంది. అక్కణ్ణుంచి అరుగుదల మొదలు. ఒక్కొక్క కీలులో కాస్త కాస్త వదులు కలిసి చేతి దగ్గరకు వచ్చేసరికి అంత అవుతుంది.

వదులు ఎక్కడుందో కనిపెట్టడానికి ఇద్దరు కావాలి, పరికరాలు అక్కర్లేదు. చక్రాలు నేలమీదే ఉండాలి. ఒకరు పైన కూర్చుని స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. రెండోవారు ఒక్కొక్క జాయింటు మీద వేళ్లు ఆనించి చూడాలి. చెయ్యి కదిలాక కడ్డీ ఆలస్యంగా కదిలితే, లేదా వేలికి టక్కుమని తగిలితే, దొంగ దొరికినట్టే. పవర్ స్టీరింగు బండి అయితే దీనికి ఇంజను నడుస్తూ ఉండాలి, కాబట్టి హ్యాండ్ బ్రేకు వేసి, గేరు తీసి, చక్రాలకు అడ్డు పెట్టి గాని కిందకు వెళ్లవద్దు.

తర్వాత ఇరుసును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే తప్పు టై రాడ్డుది కాదు. వీల్ బేరింగో, కింగ్ పిన్నో అయి ఉంటుంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టినప్పుడు ఊగడం ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్ను. ఇది తేల్చుకోకుండా టై రాడ్డు ఎండ్లు కొంటే డబ్బు పోతుంది, లొడలొడ మిగులుతుంది.

కొన్ని షెడ్లలో ఇంకో దగ్గరి దారి ఉంది. లింకులు చూడకుండానే స్టీరింగు బాక్సు మీది స్క్రూ బిగించేస్తారు. ప్లే తగ్గినట్టు కనిపిస్తుంది, యజమాని సంతోషిస్తాడు. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది గనుక బాక్సులోని పళ్లు మధ్యలో ఎక్కువ అరుగుతాయి. ఆ మధ్యభాగానికి సరిపడా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది, తిప్పిన స్టీరింగు తిరిగి రాదు. అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది. బాక్సు సంగతి లింకులన్నీ బాగున్నాయని తేలాకనే చూడాలి.

ఇక మార్చడం. ముందురోజు రాత్రే మరల మీద కాస్త డీజిలు పోసి ఉంచితే మర్నాడు సగం గొడవ తగ్గుతుంది. టై రాడ్డు రెండు చివరల జాయింట్ల మధ్య దూరం కొలిచి రాసుకోండి. స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు వదులు చేసి, రెండు మూడు చుట్లు మిగిలేలా ఉంచండి. లేకపోతే కడ్డీ ఒక్కసారిగా ముఖం మీదికి దిగుతుంది. జాయింటు కాడను పైనుంచి కొట్టవద్దు. అది కూర్చున్న కన్నం చుట్టూ ఉండే లావుపాటి ఇనుముకు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క గట్టిగా కొడితే పట్టు వదులుతుంది. పుల్లరు ఉంటే మరీ మంచిది. గ్యాసు మంట మాత్రం పెట్టనివ్వకండి. వేడికి ఆ ఉక్కు గట్టిదనం పోతుంది.

టై రాడ్డులో సాధారణంగా ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. డ్రాగ్ లింకుకూ అంతే. దాని పొడవు మారితే బండి తిన్నగా పోతున్నా స్టీరింగు వంకరగా నిలుస్తుంది. కొత్త జాయింటు కాడను, అది కూర్చునే కన్నాన్ని శుభ్రంగా తుడిచి పొడిగా ఎక్కించాలి, అక్కడ గ్రీజు రాయకూడదు. నట్టును మాన్యువల్‌లో చెప్పినంత బిగించాక గాడీ, కన్నమూ కలవకపోతే ఇంకొంచెం బిగించండి గాని వెనక్కి తిప్పవద్దు. స్ప్లిట్ పిన్ను కొత్తదే వెయ్యాలి. రూపాయల్లో దొరికే వస్తువు, పాతదాన్ని తిన్నగా చేసి వేసే పిసినారితనం ఇక్కడ పనికిరాదు.

టై రాడ్డుకు ఒక చివర అరిగితే రెండూ మార్చమంటాను. రెండూ ఒకే వయసువి, పైగా అలైన్‌మెంటు ఖర్చు ఒకసారితో పోతుంది. కొనేటప్పుడు పాతవి సంచిలో వేసుకుని వెళ్లి, మర ఎటుందో, కాడ లావెంతో పక్కపక్కన పెట్టి చూడండి. పేరున్న తయారీదారులు మన దేశంలోనే ఉన్నారు. 1960లో ఏర్పడిన రానే మద్రాస్ వాటిలో ఒకటి. డబ్బా మీద ఒక పేరు, లోపలి ముక్క మీద ఇంకో ముద్ర కనిపిస్తే తిరిగి ఇచ్చెయ్యండి.

బిగించాక, నిప్పిల్ ఉన్న రకమైతే రబ్బరు కాస్త ఉబ్బేదాకా గ్రీజు పట్టించి, స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడండి. అలైన్‌మెంటు షాపు దాకా వెళ్లడానికి ఇంటి దగ్గర లెక్క ఒకటుంది. రెండు ముందు టైర్లకూ వెనక వైపు, ఇరుసు ఎత్తున, మధ్యలో సుద్దముక్కతో గీత గీసి దూరం కొలవండి. ఆ గీతలు ముందుకొచ్చేదాకా బండిని అర చుట్టు ముందుకు తోసి మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడా మాన్యువల్‌లోని అంకెకు దగ్గరగా ఉంటే నెమ్మదిగా నడుపుకుంటూ షాపుకు వెళ్లవచ్చు. తేడా సరిగా లేకుండా తిప్పితే ముందు టైర్లు చూస్తూండగానే అంచుల్లో అరిగిపోతాయి.

రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి కిందకు దూరి, క్లాంపు నట్లూ స్ప్లిట్ పిన్నులూ చూసుకోండి. బ్రేకు తొక్కినా చక్రం ఊగుతోందని తేలినవారికి వచ్చే సంచికలో కింగ్ పిన్ను సంగతి చెబుతాను.